అల్బినో ఆడది, పెప్పర్డ్ మగది: ఈ గుడ్లు ఎవరివి?

కావలి గాజుపెట్టె · నవంబరు 9, రాత్రి 8:12

అందరికీ నమస్తే. వాయుగుండం పుణ్యమా అని ఇక్కడ ముసురు వదలడం లేదు. పొద్దున ట్యాంకులో మూడో వంతు నీళ్లు తీసి, చల్లటి నీళ్లు పోసి స్కూలుకు వెళ్లా. సాయంత్రం వచ్చి లైటేస్తే కోరీలు (ట్యాంకు అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) అద్దాల మీద కిందికీ పైకీ ఒకటే పరుగులు, గుడ్లు కూడా కనిపించాయి.

ట్యాంకు మూడడుగులది. బ్రాంజ్, అల్బినో, పెప్పర్డ్ కోరీలు మూడు రకాలూ కలిసే ఉన్నాయి. ఒక జత బ్రిసిల్‌నోజ్ (పాచి తినే చిన్న క్యాట్‌ఫిష్), రెండు ఏంజెల్స్ ఉన్నాయి. నత్తలు ఎన్నున్నాయో దేవుడికే తెలియాలి.

గుడ్లు మూడు చోట్ల ఉన్నాయి. ముందు అద్దానికి, ఫిల్టర్ ధార తగిలే మూలన, నాలుగైదు చొప్పున అంటుకుని కొన్ని. అమెజాన్ స్వోర్డ్ ఆకు మీద వరసగా పేర్చినట్టు కొన్ని. ఇంకో ఆకు అడుగున జిగురుముద్దలో చిన్న చిన్న చుక్కలు.

అసలు భయం వేరే. నా కళ్ల ముందే అల్బినో ఆడది వెళ్లి పెప్పర్డ్ మగదాని పొట్టకు మూతి ఆనించింది. ఫోన్లో వీడియో తీశా. సంకర పిల్లలు పుడతాయా?

మూలాపేట మొప్పలు · నవంబరు 9, రాత్రి 8:40

అమ్మా, సంకరం సంగతి రేపు మాట్లాడుకుందాం, ముందు అద్దం మీద గుడ్లు తీసెయ్. లైటాపేలోపు ఏంజెల్స్ వాటిని తినేస్తాయి.

జిగురుముద్ద నత్తది. జెల్లీ లోపల చుక్కలుంటే ఇంక అనుమానమే వద్దు, గీకి పారెయ్. ఆకు మీద వరసగా ఉండేవి ఏంజెల్‌వి. రెండూ పక్కనే నిలబడి రెక్కలతో విసురుతా ఉంటాయి చూడు. రెండూ ఆడవైనా పెడతాయి, అప్పుడు అన్నీ తెల్లబడిపోతాయి. అద్దం మీదవి మాత్రం కోరీలవే. విడివిడిగా గానీ చిన్న గుంపుగా గానీ, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల సైజులో, పట్టుకుంటే వేలికి అంటుకుపోయేంత జిగటగా ఉంటాయి. మొదట పాలనీళ్ల రంగు, తర్వాత తేనెరంగుకు తిరుగుతాయి.

బ్రిసిల్‌నోజ్ ఇట్లా బయట అద్దం మీద పెట్టదు. పీవీసీ గొట్టంలోనో, కొబ్బరిచిప్ప కిందనో ఒకే ముద్దగా పెడతాది. గుడ్డు పెద్దది, నారింజ రంగు. మగది లోపలే కూర్చుని కాపలా కాస్తాది. కోరీలకు ఆ కాపలా లేదు. పెట్టి పోతాయి, ఆకలైతే అవే తింటాయి.

ఇంక బ్రాంజ్ గుడ్డా, పెప్పర్డ్ గుడ్డా అంటే, చూసి చెప్పే మొగోడు ఇంతవరకు నాకు తగల్లేదు.

కావలి గాజుపెట్టె · నవంబరు 9, రాత్రి 8:58

తియ్యడం ఎట్లా అన్నా? బ్లేడుతో గీకనా?

మూలాపేట మొప్పలు · నవంబరు 9, రాత్రి 9:05

బ్లేడు వద్దు. పెట్టి కొన్ని గంటలైతే గుడ్డు పైపొర గట్టిపడి ఉంటాది. వేలి కొసతో అద్దం మీదనే మెల్లగా దొర్లించు, ఊడొస్తాది. బిర్యానీ డబ్బా ఒకటి బాగా కడిగి, ట్యాంకు నీళ్లే పోసి, ట్యాంకులోనే తేలేటట్టు పెట్టు. లోపల ఎయిర్‌స్టోన్ (గాలిబుడగల రాయి) సన్నగా. మిథిలీన్ బ్లూ (గుడ్లకు బూజు పట్టనియ్యని మందు) ఉంటే నీళ్లు లేత నీలం అయ్యేంత వెయ్. లేకపోతే ఎండిన బాదం ఆకు ముక్క చాలు. చెట్టు బాదం, పప్పు బాదం కాదు.

ఇంకో మాట. ఒక్క డబ్బా కాదు, రెండు పెట్టు. వీడియోలో పెప్పర్డ్ దగ్గరికి పోయొచ్చినాక ఎక్కడ అంటించిందో ఆ గుడ్లు ఒక దాంట్లో, మిగతావి ఇంకో దాంట్లో.

ఒంగోలు ఉప్పునీళ్లు · నవంబరు 9, రాత్రి 9:31

మా బోరు నీళ్లతో టీ పెట్టినా విరిగిపోద్ది, ఇక కోరీలేం పెడతాయి గుడ్లు. మీ కావలోళ్లు అదృష్టవంతులు మేడమ్. నేనైతే ఆర్వో నీళ్లు కలిపి కలిపి కరెంటు బిల్లు చూసుకుని ఏడుస్తున్నా.

మొప్పలన్నా, చిన్న డౌటు. మూతి ఆనించడం సరే, గుడ్డు మీద మగది బీజం పొయ్యాలి కదా? మూతికీ గుడ్డుకీ ఏంటి సంబంధం?

కందుకూరు మాస్టారు · నవంబరు 10, ఉదయం 6:15

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకు జవాబు చాలా చక్కగా ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మగది అడ్డంగా నిలబడితే ఆడది దాని పొట్ట దగ్గరికి మూతి తెచ్చి ఆనిస్తుంది. పైనుంచి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది, అందుకే అందరూ టీ పొజిషన్ అంటారు. అప్పుడు ఆడది మగదాని బీజాన్ని నోటితో తాగేస్తుంది. అది జీర్ణం కాకుండా పేగులోంచి వేగంగా జారి వెనక నుంచి బయటికొస్తుంది. ఈలోగా ఆడది కింది రెక్కలు రెండూ దగ్గరికి మడిచి దొప్పలా చేసి, అందులోకి గుడ్లు వదులుతుంది. బీజం నేరుగా ఆ దొప్పలోకే వస్తుంది. తర్వాత వెళ్లి అద్దానికి అంటిస్తుంది. జపాన్ పరిశోధకులు 1995లో దీన్ని ప్రచురించారు, అదీ మన బ్రాంజ్ కోరీ మీద చేసిన పనే.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. వేరే చేపల్లో నాలుగు మగవి చుట్టూ చేరి నీళ్లలో పోస్తే ఎవరి బీజం ఏ గుడ్డుకు తగిలిందో చెప్పలేం. ఇక్కడ ఒక విడతలో దొప్పలో పడ్డ గుడ్లకు తండ్రి దాదాపు ఎప్పుడూ ఆ విడత మూతి ఆనించిన మగదే. మళ్లీ విడతలో ఆడది ఇంకో మగదాని దగ్గరికి పోవచ్చు. అందుకే మొప్పలుగారు రెండు డబ్బాలు పెట్టమన్నది సరైన సలహా.

పొదిలి ఫిష్ పాయింట్ · నవంబరు 10, ఉదయం 9:20

మేడమ్, టెన్షన్ ఎందుకు? సంకరం పుడితే లక్కే అనుకోండి. కొత్త డిజైన్ కోరీ అని పెడితే హైదరాబాద్ వాళ్లు ఎగబడి కొంటారు. పిల్లలు పెరిగాక నాకు ఒక మాట చెప్పండి.

మూలాపేట మొప్పలు · నవంబరు 10, ఉదయం 9:44

వచ్చినాడబ్బా.

కావలి గాజుపెట్టె · నవంబరు 10, మధ్యాహ్నం 1:10

ధన్యవాదాలు మాస్టారూ. రాత్రి వీడియో మళ్లీ మళ్లీ చూశా. అల్బినో ఆడది ముందు అల్బినో మగదాని దగ్గరికి వెళ్లింది, ఆ గుడ్లు ఎడమ మూలన పెట్టింది. తర్వాత పెప్పర్డ్. అవి ఫిల్టర్ గొట్టం పక్కన. దాని పక్కనే నేను రాకముందు పెట్టినవి కూడా ఉన్నాయి, ఏవి ఏవో విడదీయలేకపోయా. ఎడమ మూలవి ఉన్న డబ్బాకు 'అ' అని, గొట్టం దగ్గరివి ఉన్న డబ్బాకు 'ఆ' అని పేరు పెట్టా.

అసలు బ్రాంజ్‌కీ పెప్పర్డ్‌కీ సంకరం కుదురుతుందా? రెండూ కోరీలే కదా.

కందుకూరు మాస్టారు · నవంబరు 10, సాయంత్రం 5:50

రెండూ కోరీలే అనడం అంగడి లెక్క, శాస్త్రం లెక్క వేరు. పెప్పర్డ్‌ను బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ సేకరించాడు, జెనిన్స్ 1842లో వర్ణించాడు. బ్రాంజ్‌ను గిల్ 1858లో వర్ణించాడు. చాలా కాలం రెండూ కోరిడోరాస్ ప్రజాతిలోనే ఉండేవి. 2024లో ఈ గుంపు మొత్తాన్ని తిరగదోడి ప్రజాతులు విడదీశారు. ఇప్పుడు బ్రాంజ్ ఆస్టియోగాస్టర్‌లో ఉంది, పెప్పర్డ్ హోప్లిసోమాలో ఉంది. పేర్లు మార్చి మనల్ని ఏడిపించడానికి చేసిన పని కాదది, ఈ రెండింటి వంశాలు చాలా కాలం కిందటే విడిపోయాయి.

పైగా ఈ కుటుంబంలో క్రోమోజోముల సంఖ్య 40 నుంచి 134 దాకా మారుతూ పోతుంది. పెప్పర్డ్‌కు 44. బ్రాంజ్ అని మనం పిలిచే వాటిలో అంతకంటే బాగా ఎక్కువ ఉన్నవి ఉన్నాయి. తల్లి సగం, తండ్రి సగం కలిసినప్పుడు లెక్క పొసగకపోతే పిండం మధ్యలోనే ఆగిపోవచ్చు. పిండం నిలిచి పిల్ల పుట్టినా అది గొడ్డుది కావచ్చు. దగ్గరి చుట్టాలైన కోరీల మధ్య సంకరాలు పెంపకందారులు చూసినవే. ఇంత దూరపు వాటి మధ్య అయితే నాకు ఆశ తక్కువ. మీ వైపు నుంచి చూస్తే భయమూ తక్కువే.

మూలాపేట మొప్పలు · నవంబరు 10, సాయంత్రం 6:30

మాస్టారు చెప్పిందంతా కరెక్టు. కానీ అంతకుముందు తేలాల్సిన ముచ్చట ఒకటుండాది. అమ్మా, నీ అల్బినో ఏ కోరీ అల్బినో?

అంగట్లో అల్బినో కోరీ అని అమ్మేది ఎక్కువగా బ్రాంజ్‌లో అల్బినో. కానీ పెప్పర్డ్‌లో అల్బినో కూడా వస్తాది. నీది పెప్పర్డ్ అల్బినో అయితే పెప్పర్డ్ మగదానితో కలిసినా అది సంకరమే కాదు, ఒకే జాతి. అట్నే అల్బినోకీ మామూలు బ్రాంజ్‌కీ పుట్టినవాటిని చాలామంది హైబ్రిడ్ అంటారు. అదీ తప్పే. రంగు లేదంతే, జాతి ఒకటే.

మగవాటి వీపు రెక్క చూడు. పెప్పర్డ్ మగదానికి పొడుగ్గా, కోసుగా లేస్తాది. బ్రాంజ్‌ది పొట్టిగా ఉంటాది, ఒళ్లు కూడా కొంచెం గుండ్రం.

కావలి గాజుపెట్టె · నవంబరు 10, రాత్రి 7:15

చూశా అన్నా. అల్బినో మగవాటి రెక్కలు పొట్టివే. పక్కనే పెప్పర్డ్ మగది ఉంది కాబట్టి తేడా బాగా తెలుస్తోంది. అయితే నావి బ్రాంజ్ అల్బినోలే.

మూలాపేట మొప్పలు · నవంబరు 10, రాత్రి 7:28

మంచిది. అయితే మూడో రోజు భూతద్దం పెట్టి చూడు. గుడ్డు లోపల కళ్లు కనిపిస్తాయి. మామూలు పిల్లకు రెండు నల్ల చుక్కలు. అల్బినో పిల్లకు ఆ నలుపు రాదు.

ఇప్పుడు లెక్క చూసుకో. అల్బినో గుణం తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడతాది. అ డబ్బాలో ఇద్దరూ అల్బినోలే, నల్ల కళ్లు ఒక్కటీ రాకూడదు. ఆ డబ్బాలో నల్ల కళ్లు కనిపిస్తే తండ్రి అల్బినో కాదని అర్థం. పెప్పర్డా బ్రాంజా అన్నది మాత్రం కళ్లు చెప్పవు.

సింగరాయకొండ హేచరీ · నవంబరు 11, రాత్రి 11:02

నైట్ డ్యూటీలో ఉన్నా, చదువుతున్నా. నాది రొయ్యల హేచరీ పని కాబట్టి మేత గురించి మాత్రం చెప్తా.

మేడమ్, పిల్లలు వచ్చాక మొదటి రెండు రోజులు ఏమీ వెయ్యొద్దు, పొట్ట కింద సొన ఉంటుంది, అదే తింటాయి. తర్వాత ఆర్టీమియా (ఉప్పునీళ్ల బుల్లి రొయ్య; గుడ్లు డబ్బాలో వస్తాయి, మనం పొదిగించాలి). కోస్తాలో రొయ్యల మందుల షాపు ఏది అడిగినా డబ్బా దొరుకుతుంది. పెద్ద డబ్బా రేటు ఎక్కువ, నలుగురు కలిసి పంచుకోండి. లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల రాళ్లుప్పు, 28 డిగ్రీల వేడి, గాలి గట్టిగా, లైటు ఆన్‌లో. ఒకటిన్నర రోజు లోపు పొదుగుతాయి. గాలి ఆపితే డొల్లలు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. కింద నుంచి సన్న గొట్టంతో లాగి, మంచినీళ్లతో కడిగి వెయ్యండి. డొల్లలు కడుపులోకి పోతే కోరీ పిల్లల పొట్టలు ఉబ్బి చస్తాయి.

మిగిలిన మేత అదే పూట తీసెయ్యండి. పిల్లలు ఆకలితో చచ్చేదానికన్నా కుళ్లిన మేతతో చచ్చేదే ఎక్కువ.

కావలి గాజుపెట్టె · నవంబరు 12, సాయంత్రం 6:40

చూశా! అ డబ్బాలో చాలావరకు తేనెరంగుకు వచ్చాయి, ఒక్క నల్ల చుక్క కూడా లేదు. ఆ డబ్బాలో సగానికి పైగా తెల్లబడి బూజు పట్టాయి, డ్రాపర్‌తో తీసేశా. మిగిలినవాటిలో మాత్రం నల్ల కళ్లు స్పష్టంగా ఉన్నాయి.

ఒంగోలు ఉప్పునీళ్లు · నవంబరు 12, సాయంత్రం 6:52

అంటే సంకరం కన్ఫర్మ్!

మూలాపేట మొప్పలు · నవంబరు 12, రాత్రి 7:20

ఏందబ్బా కన్ఫర్మ్. ఆమె ఇంటికి రాకముందు పెట్టిన గుడ్లు కూడా అదే డబ్బాలో ఉండాయి కదా. అప్పుడు బ్రాంజ్ మగదాని దగ్గరికి పోయుంటే? బతికినవి బ్రాంజ్ పిల్లలు, తెల్లబడినవి పెప్పర్డ్‌తో పెట్టినవి అని కూడా అనుకోవచ్చు. తెల్లబడటం కూడా సంకరానికి సాక్ష్యం కాదు, కొత్త ఆడదాని గుడ్లు ఊరికే తెల్లబడతాయి.

పొదిలి ఫిష్ పాయింట్ · నవంబరు 13, ఉదయం 10:05

నాకొకటి అర్థం కాదు. ఫ్లవర్‌హార్న్ సంకరం, బ్లడ్ ప్యారట్ సంకరం. షాపుల్లో రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కీ టైగర్ షవల్‌నోజ్ క్యాట్‌ఫిష్‌కీ కలిపినవి అమ్ముతున్నారు, సైనోడాంటిస్ క్యాట్‌ఫిష్‌లలో సగం ఏది ఏదో ఎవరికీ తెలీదు. అమెరికాలో చానెల్ క్యాట్‌ఫిష్ ఆడదానికి బ్లూ క్యాట్‌ఫిష్ మగదాన్ని కలిపి చెరువులకు చెరువులు పెంచుతారు. వాళ్లందరూ మంచోళ్లు, పాపం కోరీ కలిపినోడు దొంగా?

మూలాపేట మొప్పలు · నవంబరు 13, ఉదయం 10:50

తమ్ముడూ, నీ ప్రశ్న తప్పు కాదు, జవాబు చెప్తా. ఫ్లవర్‌హార్న్‌ను చూసి ఇది ఫలానా నది చేప అని ఎవడూ మోసపోడు. అమెరికా వాళ్ల చేప పెరిగి ప్లేట్లోకి పోతాది, దాని పిల్లల్ని ఎవరూ పెంచరు. కోరీ సంగతి అది కాదు. సంకరం పిల్ల పెద్దయ్యాక చూడ్డానికి తల్లిలాగే ఉంటే నువ్వు బ్రాంజ్ అని అమ్ముతావు. కొన్నవాడు బ్రాంజ్‌తో కలుపుతాడు. మూడో చేతికి పోయేసరికి ఊళ్లో ఉన్న బ్రాంజ్ ఏదో ఎవరికీ తెలీదు. బ్రిసిల్‌నోజ్‌కి ఇప్పటికే ఆ గతి పట్టింది. మన షాపుల్లో ఉన్నది ఏ నది జాతో నిలబడి చెప్పేవాడు ఎవరు?

కలిపినందుకు నేను తిట్టను. కవరు మీద ఏం రాస్తావన్నదే నా గొడవ.

కందుకూరు మాస్టారు · నవంబరు 13, మధ్యాహ్నం 12:30

దీనికి మన చెరువుల్లోనే ఉదాహరణ ఉంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. అయినా దొంగచాటుగా పెంచారు. థాయిలాండ్‌లో దాని మగదాన్ని అక్కడి క్లారియస్ (మన మార్పు చేప గుంపుదే) ఆడదానితో కలిపి పెద్ద పరిశ్రమే నడిపారు. అక్కడ ఇప్పుడు స్థానిక జాతిలోకి ఆఫ్రికా జన్యువులు చేరడం పెద్ద సమస్య. మన మార్పు చేపకూ ఆ ఆఫ్రికా చుట్టం చెరువులోంచి బయటికి దూకితే అదే ముప్పు. ఇంట్లో గాజుపెట్టెలో సంకరం జరిగితే లోకం మునగదు, కాలవలో వదిలితేనే ప్రమాదం. సక్కర్ చేప అట్లా వదిలిందే. అది కట్టల్లో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, వలలు చింపుతుంది. పెన్నా కాలవలో ఏదీ వదలకండి, దయచేసి.

నిర్వాహకులు · నవంబరు 13, మధ్యాహ్నం 1:00

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు కావాలి, అమ్ముతాం అనే పోస్టులు ఇక్కడ తీసేస్తాం. ఆ చర్చ చాలు, కోరీలకు తిరిగి రండి.

కావలి గాజుపెట్టె · నవంబరు 14, ఉదయం 7:05

రాత్రి పొదిగాయి. అ డబ్బాలోవి గాజుముక్కల్లా ఉన్నాయి, వెతికితే గానీ కనిపించవు. ఆ డబ్బాలోవి కళ్ల వల్ల దొరుకుతున్నాయి. ఒంగోలు ఉప్పునీళ్లుగారు ఆర్టీమియాలో వాటా తీసుకున్నారు, పార్శిల్ వచ్చింది.

మూలాపేట మొప్పలు · నవంబరు 14, ఉదయం 8:10

సంతోషం. ఒక హెచ్చరిక. ఆ డబ్బా పిల్లలకు కొన్ని వారాల్లో ఒంటి మీద మచ్చలొస్తాయి. అది చూసి పెప్పర్డ్ పోలిక అని గంతులెయ్యొద్దు. మామూలు బ్రాంజ్ పిల్లలకూ చిన్నప్పుడు మచ్చలుంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దు.

పెప్పర్డ్‌లను ఇప్పుడే విడిగా పెట్టు. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, గాలి ఒత్తిడి పడి నీళ్లు చల్లబడితే కోరీలు మళ్లీ మొదలుపెడతాయి. గుడ్డు చూసి జాతి చెప్పలేనప్పుడు, గుడ్డు పెట్టకముందే విడదియ్యడం ఒక్కటే దారి. ఎట్లాగూ పెప్పర్డ్ చల్లనీళ్ల చేప, 18 నుంచి 23 డిగ్రీలు దానికి సుఖం. మన మే నెలలో దాన్ని బతికించడమే ఒక తపస్సు. వేడి తట్టుకునే కోరీ కావాలంటే స్టెర్బాయ్ తెచ్చుకో. కానీ అది పెప్పర్డ్‌కు దగ్గరి చుట్టం, రెండూ హోప్లిసోమాలే. ఒకే ట్యాంకులో వెయ్యమాక.

కావలి గాజుపెట్టె · జనవరి 18, రాత్రి 8:25

అందరూ అడుగుతున్నారు కాబట్టి. అ డబ్బా పిల్లలు గులాబీ రంగులో చక్కగా ఉన్నాయి. ఆ డబ్బావి మచ్చలు పోయి, తల వెనక పచ్చటి మెరుపు వస్తోంది. వీపు రెక్క పొట్టిది. ఫోటోలు పెట్టా.

మూలాపేట మొప్పలు · జనవరి 18, రాత్రి 9:00

నాకైతే బ్రాంజ్ పిల్లలనే అనిపిస్తా ఉండాది. నూటికి నూరు అనను. ఆ డబ్బావి నీ దగ్గరే ఉంచుకో, అ డబ్బావి పంచు.

పొదిలి ఫిష్ పాయింట్ · జనవరి 18, రాత్రి 9:12

అ డబ్బావి పది కావాలి మేడమ్. ఆదివారం కావలి బస్టాండులో తీసుకుంటా. కవరు మీద ఏం రాయమంటారో మొప్పలన్నే చెప్పాలి.

మూలాపేట మొప్పలు · జనవరి 18, రాత్రి 9:20

"అల్బినో బ్రాంజ్, తల్లీతండ్రీ ఇద్దరూ అల్బినో, వీడియో ఉంది." రేటు నీ ఇష్టం.

ఒంగోలు ఉప్పునీళ్లు · జనవరి 18, రాత్రి 9:33

నాకూ ఆరు. ఆర్వో నీళ్లు రెడీగా పెడతా.